దూలయ్య రికార్డు

ఒకటే దరువు మీద సాగే టెక్నో సంగీతంలో మన ప్రాంతపు మొట్టమొదటి రికార్డు టేకులపల్లి అడవిలో పుట్టిందని మా ఖమ్మం టెక్నో రసజ్ఞ సంఘం సగర్వంగా ప్రకటిస్తున్నది. ముప్పై ఏళ్లుగా దాన్ని ఎవరూ పట్టించుకోకపోవడం సిగ్గుచేటని కూడా తీర్మానించాం. ఆ ఎవరిలో మేము లేము. మా సంఘం పుట్టి మూడు నెలలే అయింది.

1993లో ముదిగొండ ఉదయ్ భాస్కర్ అనే సంగీతకారులు కీబోర్డు చంకన పెట్టుకుని కొత్త చప్పుడు వెతుకుతూ అడవికి వెళ్లారు. అక్కడ దూలయ్య అనే రైతు తన పోడు చేలో జొన్న మీద పడుతున్న అడవి పందులను తోలడానికి నూనె డబ్బా కొడుతున్నాడు. ధన్, ధన్, ధన్, ధన్. ఒక్క దెబ్బ తప్పితే ఒట్టు! భాస్కర్ గారు దానికి కీబోర్డు కూత కలిపి రికార్డు వేయించారు. అట్ట మీద నిజాయితీగా అచ్చు కొట్టించారు: "డబ్బా: దూలయ్య. స్థలం: దూలయ్య పోడు చేను. 1993." ఒక పెళ్లిలో వినిపిస్తే విస్తళ్ల ముందు నుంచి జనం లేచిపోయారు. పందుల మీద, పెళ్లివారి మీద సమానంగా పనిచేసిన సంగీతం ఇదొక్కటే.

అభినందన సభ పెట్టి, నీ రికార్డు దొరికిందని దూలయ్యకు కబురు చేశాం. పాపం, పట్టా దరఖాస్తుల సంచి పట్టుకుని పరుగున వచ్చాడు. ఆ చేను ఎప్పటి నుంచో దున్నుతున్నట్టు రికార్డు లేదని అతని దరఖాస్తు నాలుగుసార్లు తిరిగొచ్చిందట. మేము శాలువా కప్పి కూర్చోబెట్టాం.

రికార్డు మోగింది. మోకాళ్లు వంచొద్దని డాక్టర్లు చెప్పిన పెద్దలు కూడా గంతులేశారు. పట్టాలిచ్చే అధికారే ముఖ్య అతిథి. ఆయన చెమట తుడుచుకుంటూ, "ఈ నాదం మనందరిదీ" అన్నారు.

దూలయ్య మైకు అందుకున్నాడు. "నాదం అందరిదే సారూ. చేను నాదని రాయుండ్రి. అట్ట మీద పేరుంది, సంవత్సరం గూడ ఉంది."

అది కళ అనీ, కళను భూమి గొడవల్లోకి లాగి కించపరచరాదనీ అధికారి హితవు చెప్పారు. మేమంతా తాళం తప్పకుండా చప్పట్లు కొట్టాం.

వారం తిరక్కుండా దూలయ్యకు నోటీసు వచ్చింది. 1993లో అటవీ భూమిలో అక్రమంగా ప్రవేశించి, డబ్బా చప్పుడుతో వన్యప్రాణులను బెదిరించినందున చేను ఖాళీ చేయాలట. సాక్ష్యం: జతపరచిన రికార్డు అట్ట.

"పట్టాకు పనికిరాంది గిప్పుడెట్ల పనికొచ్చింది సారూ?" అని దూలయ్య మా దగ్గరికి వచ్చి అడిగాడు.

మా గుండె తరుక్కుపోయింది. అత్యవసరంగా సమావేశమై, ఆ నోటీసునే కొత్త ముద్రణకు అట్టగా వేయాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. ప్రతులన్నీ అప్పుడే బుక్కయిపోయాయి. మీరు కాస్త ఆలస్యం చేశారు.