చెవుల్లో దూది, చివరి సంచిక

బుధవారం పొద్దున్నే పూర్వకథ అద్దం ముందు నిలబడి రెండు చెవుల్లోనూ దూది కూరుకుంటున్నాడు.

పూర్వకథ అతని అసలు పేరు కాదు. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఏ మెకానిక్కుని ఏ భవనానికి పంపాలో చూసే గుమాస్తా అతను. ఏదడిగినా నేరుగా జవాబు చెప్పడం అతని ఒంట్లో లేదు. "ఆసుపత్రి లిఫ్టు బాగైందా?" అంటే, "అది అర్థం కావాలంటే ముందు ఆ ఆసుపత్రి కట్టినప్పుడు ఏం జరిగిందో తెలియాలి" అని మొదలుపెడతాడు. సూపర్ హీరోల బొమ్మల పుస్తకాలు చదివి చదివి అంటించుకున్న జబ్బు అది. ఆఫీసు వాళ్లు పెట్టిన పేరు ఇంటిదాకా వచ్చి స్థిరపడిపోయింది.

ఆ పుస్తకాల్లో కొన్నాళ్లుగా "సర్వలోక సంగ్రామం" అనే మహాకథ నడుస్తోంది. ఒక పుస్తకంలో నడిస్తే అది కథ. హీరోలందరినీ కలిపేసి అందరి పుస్తకాల్లోనూ నడిపిస్తే అది వ్యాపారం. ఉక్కుపిడుగు తన పుస్తకంలో చెయ్యెత్తుతాడు. ఆ దెబ్బ తోకచుక్క పుస్తకంలో పడుతుంది. ఎందుకు పడిందో చీకటిరాణి పుస్తకంలో తెలుస్తుంది. చీకటిరాణి అంటే పూర్వకథకి మొదటినుంచీ ఒళ్లుమంట, అయినా నోరు మూసుకుని కొన్నాడు. ఈ సంగ్రామంలో ఎవరో ఒకరు చావడం ఖాయమని ప్రచురణకర్తలు ఊదరగొట్టేస్తున్నారు. ఉక్కుపిడుగు ఇదివరకే రెండుసార్లు చచ్చి, సంతాప సంచికలు అమ్ముడైపోయాక తీరిగ్గా లేచి కూర్చున్నవాడే. కానీ ఈసారి చావు శాశ్వతమని అట్ట మీద వెండి అక్షరాలతో అచ్చేశారు కాబట్టి పూర్వకథ నమ్మాడు.

ఆఖరి సంచిక ఇవాళే వస్తోంది. కొట్టాయన ఒకటి తీసి పక్కన పెడతానన్నాడు. సాయంత్రం ఆఫీసయ్యాక తెచ్చుకుని, గది తలుపేసుకుని చదవాలి. అప్పటిదాకా ఎవరు చచ్చారో చెవిన పడకూడదు. పోయినసారి బావమరిది భోజనాల దగ్గర, "బావా, ఆ గ్లాసు ఇటు జరుపు, నీలిజ్వాల పోయింది" అని ఒకే ఊపిరిలో చెప్పేశాడు. ఆ తర్వాత చాలాకాలం ఇద్దరికీ మాటల్లేవు.

"ఏవండీ, మీ సూపర్‌వైజర్ ప్రమోషన్ సంగతి మేనేజరుగారు ఇవాళ తేలుస్తానన్నారు కదా?" అంది భార్య గుమ్మంలో నిలబడి.

"అన్నారు."

"ఆ మాట చెవుల్లో దూదితో వింటారా?"

"ఆయన పిలిచినప్పుడు తీస్తాను."

"ఎన్నాళ్లనుంచి కాచుకుని కూర్చున్నామండీ దానికోసం. ఆ ఎదురుబల్ల ఆయన మీకంటే ఎంతో వెనక చేరాడు. రేపు అతనికిచ్చారంటే వాళ్లావిడకి నేను మొహం చూపించలేను. ఈ ఒక్కరోజూ కాస్త మనుషుల్లో ఉండండి, మీకు పుణ్యముంటుంది."

అలాగేనని చెప్పి, ఫోను ఆపేసి సొరుగులో పడేసి, దూదితోనే బయల్దేరాడు.

అసలు చిక్కంతా మేనేజరుతోనే వచ్చింది. ఆయనకి ఈ పిచ్చి అంటించింది ఇంకెవరో కాదు, పూర్వకథే. సూపర్‌వైజర్ కుర్చీ మీద ఆశకొద్దీ ఆయన్ని కాకా పడదామని సర్వలోక సంగ్రామం మొదటి సంచిక తీసుకెళ్లి చేతిలో పెట్టాడు. మేనేజరు కాకాకి పడలేదు గాని పుస్తకానికి పడ్డాడు. ఇప్పుడాయన కొట్టు తెరిచేదాకా కూడా ఆగడు. పొద్దున పళ్లు తోముకుంటూనే ఫోనులో చదివేస్తాడు. పైగా ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. కాబట్టి ఆ బుధవారం పూర్వకథ పాలిట లోకంలో అందరికంటే ప్రమాదకరమైన మనిషి, అతనికి ఉద్యోగంలో మేలు చెయ్యగలిగిన ఆ ఒక్క మనిషే.

పాపం మేనేజరు ఆ ఉదయం కథల ధ్యాసలో లేడు. మేడ మీద ఉండే యజమాని, అందరూ పెద్దసారనే ఆయన, ఒక ఉత్తర్వు పంపాడు. పూర్వకథని సూపర్‌వైజర్‌ని చెయ్యండి, అతను చెయ్యాల్సిన మొదటి పని వయసు మళ్లిన మెకానిక్కుల్ని ఏరి ఇంటికి పంపడం. శుభవార్త చెప్పాలని సంతోషం, రెండో ముక్క చెప్పాలంటే సిగ్గు. రెండూ కలిసిన మొహంతో మేనేజరు గదిలోంచి వచ్చి, అటూ ఇటూ చూసి, పూర్వకథ బల్ల మీదికి వంగాడు.

ఆ మొహం పూర్వకథ ఎరుగున్నదే. పోయిన నెల తోకచుక్క గుట్టు బయటపెట్టబోయినప్పుడు కూడా సరిగ్గా ఇలాగే వంగాడు. వెంటనే రెండు చేతులూ జోడించాడు.

"సార్, మీకు దణ్ణం పెడతాను. చెప్పకండి."

"అది కాదయ్యా, పైనుంచి..."

"ఎక్కణ్ణుంచైనా రానివ్వండి సార్. నేను వినను."

"నీ మంచికేనయ్యా బాబూ."

"నాకే మంచీ వద్దు. సాయంత్రం దాకా నన్నిలా వదిలెయ్యండి చాలు." అని కుర్చీ వెనక్కి తోసి, మేనేజరు అలా వంగి ఉండగానే వెళ్లిపోయాడు.

ఇది టైపిస్టు చూసింది. ఉత్తర్వు టైపు చేసింది ఆవిడే. ఎవరికీ చెప్పకూడదని ఆవిడకి గట్టిగా చెప్పారు గనక మెకానిక్కుల షెడ్డులో అందరికీ అప్పటికే తెలుసు. "మేనేజరు మొహం మీదే చెప్పేశాడు. మనవాళ్లని తీసెయ్యాలంటే ఆ కుర్చీ నాకొద్దన్నాడు. చెబుతున్నా వినకుండా లేచిపోయాడు" అని ఆవిడ షెడ్డు గుమ్మంలో నిలబడి కళ్లు తుడుచుకుంది. వినకుండా లేచిపోయాడన్నది నిజమే. మిగతాది ఆవిడ మంచి మనసు.

షెడ్డులో అందరికంటే పెద్దాయన, ఇంటికి పంపితే ముందు పంపేది తననేనని తెలిసినవాడు, చేతిలో స్పానర్ కింద పెట్టి లేచాడు. గ్రీజు గురించి తప్ప మరో మాట మాట్లాడని మనిషి. ఆయన నీళ్లు నిండిన కళ్లతో, చేతులు చాచుకుని తనకేసి రావడం పూర్వకథ దూరంనుంచే చూశాడు. మేనేజరు కడుపుబ్బరం ఆపుకోలేక షెడ్డులో చెప్పేశాడన్నమాట. ఇంత పెద్దాయన ఏడుస్తున్నాడంటే చచ్చింది ఉక్కుపిడుగే అయ్యుంటాడు. కాదు కాదు, ఊహించకూడదు. గిరుక్కున తిరిగి, సామాను గదిలోకి దూరి, గడియ పెట్టి, దూది ఇంకాస్త లోపలికి నొక్కుకున్నాడు.

"మౌనం పట్టాడు" అంది టైపిస్టు.

మెకానిక్కులంతా వచ్చి గది ముందు బైఠాయించారు. ఆయన బయటికొచ్చి చెబితేగాని పని ముట్టుకోమన్నారు. ఇక ఫోన్లు మొదలయ్యాయి. ఒక భవనంలో పళ్ల డాక్టరు కింద, నోరు తెరుచుకున్న పేషెంటు పైన. ఇంకోచోట విడాకులకని లాయరు దగ్గరికి బయల్దేరిన మొగుడూ పెళ్లాలు లిఫ్టులో ఇరుక్కుపోయి, వేరే దిక్కు లేక మాట్లాడుకుని, లాయరు ఫీజు మిగుల్చుకున్నారు. ఈ ఫోన్లన్నిటికీ ఎదురుబల్ల ఆయన ఒక్కడే ఓపిగ్గా "వస్తున్నారండీ, బయల్దేరారండీ" అని అబద్ధాలాడుతూ కూర్చున్నాడు.

పెద్దసారుకి అరికాలి మంట నెత్తికెక్కింది. వీళ్ల సంగతి తేలుస్తానని మేడ మీదనుంచి బయల్దేరాడు. మెట్లు దిగి వస్తే ఏ గొడవా లేకపోను. లిఫ్టుల కంపెనీ యజమాని మెట్లు దిగితే చూసేవాళ్లు ఏమనుకుంటారని లిఫ్టెక్కాడు. అది సగంలో ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది. ఆ లిఫ్టుని మరమ్మతు చేయించాలని మెకానిక్కులు ఎప్పటినుంచో అడుగుతుంటే, మన లిఫ్టుకి మనమే ఖర్చు పెట్టుకోవడమేమిటని ఆపింది ఆయనే.

మేనేజరు పరిగెత్తుకొచ్చి సామాను గది తలుపు బాదాడు. "అయ్యా, ఒక్క మాట విను. ఒకే ఒక్క మాట."

దూదిలోంచి మాటలు వినబడలేదు గాని గొంతు మాత్రం తెలిసింది. ఇంత కసిగా వెంటబడి ముగింపు చెప్పే మనిషిని పూర్వకథ జన్మలో చూడలేదు. ఆ గొంతు మునిగిపోవాలని గట్టిగా పాడటం మొదలుపెట్టాడు. మాటలు గుర్తురాక ఉత్త రాగమే ఎత్తుకున్నాడు. గొంతు బాగుండదు, తాళం అసలే లేదు. అయినా బయట కూర్చున్నవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముందు పెద్దాయన అందుకున్నాడు, తర్వాత టైపిస్టు, ఆ తర్వాత అందరూ.

లిఫ్టులో చీకట్లో నిలబడ్డ పెద్దసారుకి ఆ బృందగానం పైనుంచో కిందనుంచో తెలియకుండా వినిపించింది. తన లిఫ్టు తాడు చేతిలో ఉన్న మనుషులు అంత హుషారుగా పాడటం ఆయనకి ఎంతమాత్రం నచ్చలేదు. "ఒరే, ఎవరినీ తియ్యను. ఉత్తర్వు రద్దు. ముందు నన్ను బయటికి తియ్యండి" అని కేకపెట్టాడు.

తీశారు.

సాయంత్రం, అందరూ వెళ్లిపోయుంటారని పూర్వకథ మెల్లగా గడియ తీశాడు. తీసీ తియ్యగానే పది చేతులు అతన్ని పైకెత్తేశాయి. ఆ ఎత్తుడులో ఒక చెవి దూది రాలిపోయింది.

"మా ఇంట్లో ఇవాళ అన్నం సహిస్తుంది సార్" అన్నాడు పెద్దాయన అతని చొక్కా అంచు పట్టుకుని. "మా ఉద్యోగాలు నిలబెట్టారు. మీకొచ్చే కుర్చీ కాలదన్నుకున్నారు."

పూర్వకథ రెండో చెవి దూది కూడా తీసేశాడు. ఒక్కొక్కరూ ఒక్కొక్క ముక్క చెబుతుంటే, పది పుస్తకాల్లో పంచిన కథ ఏరుకున్నట్టు ఏరుకుని, సంగతి మొత్తం కూడబలుక్కున్నాడు. మెట్ల మీద పెద్దసారు నిలబడి అతన్నే చూస్తున్నాడు. అతన్ని కిందికి దించాక మేనేజరు చెవి దగ్గరికొచ్చాడు.

"సూపర్‌వైజర్‌గిరీ ఎదురుబల్లకి ఇచ్చేశారయ్యా. పాటలు పాడేవాడు పనికిరాడన్నారు. ఇంకా సంతకం కాలేదు. దూది సంగతి నాకు తెలుసు, నాలాంటివాడికి తెలియకుండా పోతుందా? ఇదంతా పొరపాటు, నీకేమీ తెలియదని పెద్దసారుకి చెప్పెయ్. పాత ఉత్తర్వూ బతుకుతుంది, నీ కుర్చీ నీకొస్తుంది."

పూర్వకథ పెద్దసారు వైపు నడిచాడు. భార్య కళ్లముందు మెదిలింది. అసలేం జరిగిందంటే, అని మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి అవకాశం అతని జన్మలో రాదు. నోరు తెరిచాడు. చొక్కా అంచు ఇంకా పెద్దాయన చేతిలోనే ఉంది. ఆ గ్రీజు మరక ఉతికినా పోదని తెలుస్తూనే ఉంది.

"ఎందుకు చేశావయ్యా ఇదంతా?" అన్నాడు పెద్దసారు.

"ఏం లేదు సార్. వినాలనిపించలేదు, అంతే."

పెద్దసారు సంతకం పెట్టడానికి మెట్లెక్కి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చేసరికి వార్త అతనికంటే ముందే వచ్చి కూర్చుంది. ఎదురుబల్ల ఆయన భార్య ఫోను చేసి, మీవారి త్యాగం వల్ల మావారికి పదవి వచ్చిందని మనసారా కృతజ్ఞతలు చెప్పుకుందిట. పూర్వకథ భార్య ముందు అబద్ధమాడలేక ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆవిడకి కోపమొచ్చింది, ఏడుపొచ్చింది, పాట దగ్గరికి వచ్చేసరికి ఆపుకోలేక నవ్వూ వచ్చింది.

"అయితే మీరు త్యాగం చెయ్యలేదన్నమాట."

"ఆఖర్న కొంచెం చేశాను."

ఆవిడ అతని చొక్కా అంచున మరక చూసింది. "ఆ కొంచెం సంగతి నాతో అన్నారు, చాలు. బయట మాత్రం మొత్తం మీరే చేశారని చెబుతాను. కుర్చీ ఎలాగూ పోయింది, పేరైనా మిగలనివ్వండి" అని లేచి, "ఇంతకీ ఆ దిక్కుమాలిన పుస్తకం తెచ్చారా?" అంది.

తెచ్చాడు. తలుపేసుకోకుండా, ఆవిడ పక్కనే కూర్చుని చదివాడు. ఆఖరి పుటలో కాలాన్ని వెనక్కి తిప్పేశారు. సంగ్రామం అసలు జరగనే లేదు, ఎవరికీ ఏమీ గుర్తులేదు, వచ్చే నెలనుంచి ఇంతకంటే పెద్ద సంగ్రామం.

"ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు."

"మీ ఆఫీసులోనూ ఎవరూ పోలేదు" అంది ఆవిడ. "పోయింది మన ప్రమోషన్ ఒక్కటే."

దాన్ని తిరిగి బతికించే సంచిక మాత్రం ఇప్పటిదాకా ఏ ప్రచురణకర్తా వెయ్యలేదు.