అమ్మ తిప్పి పంపిన పొట్టేలు

పొద్దున్నే వెంకట్రామయ్య తన పందెం పొట్టేలు భీముడికి ఉలవలు పెడుతూ ఒక ఎత్తు వేశాడు. దుర్గి అవతల మా ఊళ్ళో అంకమ్మ కొలుపు జాతర నాడు నెత్తిన గండదీపం పెట్టుకుని అందరికంటే ముందు గుడిలోకి నడిచే హక్కు తమ ఇంటిదని అతనూ, కాదు తమదని బసవపున్నయ్యా తాతల నాటి నుంచి కొట్టుకుంటున్నారు. ఆ తాతలు బతికుండగా ఎవరో వచ్చి కొలుపును డాక్యుమెంటరీ తీశారు. మాటల్లేని ఆ రీలు ఇన్నాళ్ళకు దొరికింది. దాన్ని ఊరందరి ముందు ఆడించి తేల్చేయాలన్నదే ఆ ఎత్తు. నరసరావుపేట నుంచి షఫీక్ పాత ప్రొజెక్టరు పట్టుకొస్తున్నాడు.

"ఈ సాయంత్రంతో నీ నోరు పడిపోద్ది బావా," అన్నాడు వెంకట్రామయ్య.

"మీ తాత అందరెనకాల నడిచింది గూడా పడుద్దిలే అందులో!" అన్నాడు బసవపున్నయ్య.

దీపాలవేళ గుడి ముందు తెర కట్టారు. బొమ్మ పడింది. ఎప్పుడో కాటికి పోయినవాళ్ళు నెత్తిన దీపాలతో గుడిలోంచి వెనక్కి వెనక్కి అడుగులేస్తూ వస్తున్నారు. గాలిలోని పొగ వంకర్లు తిరుగుతూ దిగి సాంబ్రాణి చట్టిలో దూరుతోంది.

"అమ్మకు వీపు చూపగూడదని ఎంత భయమో చూడండి. అప్పటి భక్తే వేరు," అంది ముసలి అంజమ్మ.

మొదట వచ్చిన దీపం వెంకట్రామయ్య తాతది. "చూశారా!" అని అతను గెంతాడు.

అంతలో తెరమీద, పోతురాజు రాయి దగ్గర, నేలమీది నెత్తురు పైకి లేచింది. దూరంగా పడి ఉన్న పొట్టేలు తల ఎగిరొచ్చి మొండానికి అతుక్కుంది. పొట్టేలు చెవులు విదిలించి లేచి, వెనక్కి నడుచుకుంటూ తిన్నగా వెంకట్రామయ్య ఇంటి వాకిట్లోకి వెళ్ళిపోయింది.

అంజమ్మ జుట్టు విరబోసుకుని ఊగింది. "ఆ వేట పొట్టేలు నాకొద్దని అప్పుడే తిప్పి పంపా! ఇన్నేళ్ళూ పస్తున్నాన్రా! ఆ ఇంటి నుంచే ఇంకోటి తోలుకు రండి!"

ఊరి చూపంతా భీముడి కొట్టం వైపు తిరిగింది.

షఫీక్ వెంకట్రామయ్య చెవిలో గొణిగాడు. "పెదనాయనా, తప్పు నాదే. పగలు నడిపి చూసిన రీలు. మీట వెనక్కి ఉండగా లైటేశా. బొమ్మంతా చివర్నుంచి మొదటికి నడిచింది. చెప్పేస్తా, నీ పొట్టేలు బతుకుద్ది."

"చెప్పరా, తొరగా చెప్పు!" అంటూనే వెంకట్రామయ్య ఆగిపోయాడు. "అంటే... మా తాత?"

"ఆఖర్న పోయాడు."

"ఏందిరా ఆ గుసగుసలు?" అన్నాడు బసవపున్నయ్య.

వెంకట్రామయ్య కొట్టం వైపు చూశాడు. భీముడు పొద్దుటి ఉలవలు ఇంకా నెమరేస్తూనే ఉన్నాడు. "ఏం లేదు బావా. ఒరేయ్ షఫీకూ, రీలు డబ్బాలో పెట్టి మూతెయ్యి. అమ్మ మాటకు ఎదురేంది?"

కొలుపు నాడు వెంకట్రామయ్య దీపం అందరికంటే ముందు నడిచింది, దాని కింద అతను ఏడుస్తూ నడిచాడు. వేట పడ్డాక కూడా జనం ఇళ్ళకు పోలేదు. కదలకుండా నిలబడి చాలాసేపు చూశారు.

భీముడు లేవలేదు.