రాణికి పెట్టిన బెల్లం

కాశీలో కాకరకాయ వదిలేసి వచ్చినప్పటి నుంచి వీరభద్రాన్ని ఒక సందేహం పీడిస్తూనే ఉంది. ఇష్టమైనది వదలమన్నారు పెద్దలు. ఎన్నడూ నోట పెట్టనిదాన్ని వదిలితే విశ్వనాథుడు జమ వేసుకుంటాడా? ఆయనకు ప్రాణం బెల్లం. ఆ బాకీ అలాగే ఉండిపోయింది.

శామీర్‌పేటలో వాళ్ల కాలనీ వెనకే మల్లేశం కొట్టం. పెళ్లి ఊరేగింపులకు తిప్పే తెల్లగుర్రం రాణి అక్కడే ఉంటుంది. హయగ్రీవుడి పేరు చెప్పి వీరభద్రం రోజూ పొద్దున్నే దానికి నానిన శనగలూ బెల్లమూ పెట్టేవాడు. దానికో ముద్ద, ప్రసాదంగా తనకో ముద్ద. షుగరు ఉందని ఇంట్లో భార్య నాగమణి బెల్లం కొననివ్వదు. ఆయన్ని చూసి కాలనీ అంతా పెట్టడం మొదలెట్టింది. రాణి మెడ మీద కొవ్వు గట్టులా లేచింది. లక్ష్మీకళ అన్నారు.

మల్లేశం కొడుకు హరీష్ పెళ్లినాడు, తలపాగా కట్టుకున్న పెళ్లికొడుకు వచ్చి పిలిచినా రాణి కదల్లేదు. ముందుకాళ్లు చాపి, బరువంతా వెనక్కి వేసి నిలబడింది.

"స్వామి ఆవహించాడు మల్లేశం గారూ. నైవేద్యం చాల్లేదేమో," అని వీరభద్రం బెల్లానికి పరుగెత్తాడు. దారిలో అడిగినవాళ్లకల్లా అదే చెప్పాడు. వాళ్లు కొబ్బరికాయలతో వచ్చారు. జనాన్ని చూసి ఊరేగింపు మొదలైందనుకుని బ్యాండువాళ్లు వాయించేశారు. ఆ మోత విని పెళ్లికూతురి వాళ్లు హారతి పళ్లెంతో గేటు దగ్గర నిలబడ్డారు.

వీరభద్రం బెల్లంతో తిరిగొచ్చినా మల్లేశం మాత్రం రాణి మెడ వదల్లేదు. "దూలపల్లిల ఒక గుర్రం గిట్లనే నిలవడ్డది సార్. పండుకున్నది మల్ల లేవలే."

హరీష్ ఫోన్ చేస్తే పశువుల డాక్టరు అంకిత వచ్చింది. గిట్ట మీద చెయ్యి వేసి చూసింది. "కాలిపోతోంది. బెల్లం ఎవరు పెడుతున్నారు?"

వీరభద్రం చెయ్యి వీపు వెనక్కి పోయింది.

"ఒంట్లో తీపి అదుపు తప్పింది. దాంతో గిట్టల లోపలి పొరలు వాచాయి. అడుగేస్తే నొప్పి."

"బతుకుతదా మేడం?"

"తొందరగా పిలిచారు, నడుస్తుంది. ఇప్పుడే ఐసు పెట్టండి. ఎండుగడ్డి నానబెట్టి, అందులోని తీపి దిగిన ఆ నీళ్లు పారబోసి పెట్టండి. తీపి మాట ఎత్తొద్దు."

మల్లేశం కుడితి తొట్టి మీద కూలబడి కళ్లు తుడుచుకున్నాడు. "సార్, మీ స్వామి నడుస్తడంట. ఇగ మీరు జర దూరముండుండ్రి."

పెళ్లి కూల్‌డ్రింకుల ఐసంతా రాణి కాళ్లకు పోయింది. హరీష్ చివరికి వీరభద్రం స్కూటరెక్కి ఊరేగాడు.

ఇంతలో వచ్చిన నాగమణి భర్త వీపు వెనక చేతిలో బెల్లం చూసింది. "మందులు మింగినా షుగరెందుకు తగ్గట్లేదో ఇప్పుడు తెలిసింది. ఆ ప్రసాదం మీరూ తింటున్నారన్నమాట."

వీరభద్రం రాణి వైపు చూశాడు. అది ఐసు తొట్టిలో నిలబడి, ఆయన గుప్పిట వైపే ఆశగా చూస్తోంది. ఆయన గుప్పిట విప్పి బెల్లం నాగమణి చేతిలో పెట్టేశాడు.

"విశ్వనాథా, ఇవాళ్టితో బెల్లం వదిలేశాను. బాకీ తీరింది," అన్నాడు. చాలా ఏళ్ల తరవాత గుండె తేలికపడింది.

"అయితే కాకరకాయ ఇక స్వామికి అక్కర్లేదు," అంది నాగమణి.

మర్నాడు మధ్యాహ్నం అది వేపుడై ఆయన కంచంలోకి తిరిగొచ్చింది.