మందు కాదు, బలానికి

సోమవారం పొద్దున్నే నందిగామలో బస్సెక్కాలి. జగ్గయ్యపేట కంటి ఆసుపత్రిలో శుక్లం ఆపరేషన్ చేయించుకోవాలి. రిటైరైన లెక్కల మాస్టారు జగన్నాథరావుకు అంతకు మించి కోరిక లేదు. ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండో కంటికి ఇంట్లోవాళ్ళంతా పొగలో తిరుగుతున్నట్టుండేవారు. భార్య ప్రసూనాంబ ముఖం ఆయన సరిగ్గా చూసి రెండేళ్ళయింది.

ఆపరేషన్ తట్టుకోవాలంటే బలముండాలని ఇంట్లో ఎవరికి వారే నిర్ణయించుకున్నారు. కొడుకు భవానీప్రసాద్ టీవీలో ప్రకటన చూసి బెజవాడ నుంచి జిన్సెంగ్ అనే వేరుతో చేసిన క్యాప్సూల్స్ తెచ్చి, రోజూ పొద్దున ఒకటి వేసేవాడు. కోడలు రాగసుధ ఆ వేరు పొడినే ఎవరో ఇస్తే రాగిజావలో కలిపేది. కొడుకు మరిచిపోయాడేమోనన్న అనుమానంతో ప్రసూనాంబ రాత్రి పాలతో మరొకటి మింగించేది.

మాస్టారికి నిద్ర పోయింది. తెల్లవార్లూ గుండె దడ.

"ఆపరేషనంటే భయమత్తయ్యా, పైకి చెప్పరు" అంది రాగసుధ.

"అయితే ఇంకొంచెం బలం పట్టాలి" అంది ప్రసూనాంబ. అందరూ మోతాదు పెంచారు.

సోమవారం బస్సు దిగేసరికి మాస్టారి చొక్కా చెమటతో తడిసిపోయింది. ఆసుపత్రిలో చూస్తే షుగరు బాగా పడిపోయింది. గ్లూకోజు ఎక్కిస్తూ డాక్టరు అడిగాడు.

"షుగరు బిళ్ళలు కాక ఇంకే మందులూ వాడట్లేదని మొన్న చెప్పారు కదా?"

"వాడట్లేదండి" అన్నారు వెంట వచ్చిన ముగ్గురూ.

"మరి బలానికేమైనా?"

"ఆ... బలానికా!" అంటూ ఒక్కొక్కరే బయటపెట్టారు. ఒకరి మాట వింటూ ఇంకొకరు నోరు తెరిచారు.

"జిన్సెంగ్ చెడ్డదేం కాదు. నీరసం ఉన్న కొందరికి కాస్త పనిచేస్తుందంటారు. కానీ షుగరు బిళ్ళలకి తోడైతే షుగరు దిగిపోవచ్చు, నిద్ర చెడొచ్చు, రక్తం సరిగ్గా గడ్డకట్టకపోవచ్చు. డాక్టర్ని అడక్కుండా వాడకూడదు. ఆపరేషనుకి రెండు వారాల ముందే మానెయ్యాలి."

"చెట్టు వేరే కదండీ, ఏం చేస్తుంది?" అంది ప్రసూనాంబ.

"గన్నేరు వేరు కూడా చెట్టు వేరేనమ్మా."

ఆపరేషన్ రెండు నెలలు వాయిదా పడింది. ఆ రెండు నెలలూ ఇంట్లో ఆయనకు శొంఠి కాఫీ ఇవ్వడానికి కూడా భయపడ్డారు.

ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పగానే ఆయన మొదట చూసింది ప్రసూనాంబనే. కళ్ళు లోపలికి పోయాయి, కింద నల్లటి చారలు, ముఖం పీక్కుపోయి ఉంది. నా కోసం ఎంత నలిగిపోయిందో అనుకుని మాస్టారు ఆమె చెయ్యి పట్టుకున్నారు.

"ఇలా అయ్యావేంటే? నిద్రపోవట్లేదా?"

"ఎక్కడండీ, కన్ను మూతపడితేగా! గుండె ఒకటే దడ. మీరు మానేసిన గొట్టం బిళ్ళలు సీసాడున్నాయి. పారేస్తామా? నేనే మింగుతున్నా."

రెండు నెలలు ఎదురుచూసి తెరిపించుకున్న కన్నును మాస్టారు మళ్ళీ మూసుకున్నారు.