పాత పేరు పలికిన పాటల పెట్టె

ఒక పెద్ద అడవి ఉండేదనడం కథలు చెప్పేవాళ్ళ అలవాటు. ఇది మరీ అంత పెద్ద అడవేం కాదు. అందులో ఉన్న ఆఫీసు మాత్రం చాలా పెద్దది.

ఆ ఆఫీసు పేరు వనసభ. దానికో అధ్యక్షుడు, ఓ కార్యదర్శి, తినడానికీ తలూపడానికీ బోలెడంతమంది సభ్యులు. వీళ్ళ కింద బుడ్డయ్య అనే ఎలుగుబంటి సంగీత విభాగం చూసుకునేవాడు. చూసుకోవడమంటే మరేం లేదు, సభ ముందు మైదానంలో బండరాయి మీదున్న పాటల పెట్టెను పొద్దున్నే తుడిచి మీట నొక్కడం. మిగతా పొద్దంతా ఎవరైనా పెద్దవాళ్ళు అటుగా వస్తే లేచి నిలబడడం. ఆ రెండో పనిలో బుడ్డయ్యను మించినవాడు లేడు.

ఉద్యోగంతో పాటు అతనికి తేనెతుట్టెల కొండ కింద ఓ గుహ ఇచ్చారు. ఎంత వానైనా చుక్క కారదు. భార్య తేనమ్మ అందులోనే కవల పిల్లల్ని కన్నది. ఉద్యోగం పోతే గుహా పోతుంది. అందుకని బుడ్డయ్య ఎవరు అధ్యక్షుడైతే వాళ్ళ వాడు.

పెట్టెకు పాటలు గాల్లోంచి వచ్చేవి. అధ్యక్షుడి గుహలో ఒక రౌటర్ ఉండేది. దానికి రోజూ పూలదండ వేసేవారు. అందులోంచే పెట్టెకూ, సభలో ఉన్నవాళ్ళ ఫోన్లకూ సిగ్నల్ అందేది. అడవిలో చదువొచ్చినవాళ్ళు తక్కువ కాబట్టి ఏం కొన్నా నోరున్న రకమే కొన్నారు. ఫోనుకు సిగ్నల్ దొరికితే దొరికిందని గట్టిగా చెబుతుంది. పెట్టె తీరు వేరు. దొరక్కపోతేనే దాని గోల. దొరికితే నోరు మూసుకుని పాట అందుకుంటుంది.

ఇక ఆ అడవిలో ఒక ఆచారం. ఏది కొన్నా, ఏది తవ్వినా దానికి అధ్యక్షుడి పేరు పెట్టాలి. దంతులయ్య అనే ఏనుగు అధ్యక్షుడిగా ఉన్న రోజుల్లో మడుగుకీ ఆయన పేరే, బాటకీ ఆయన పేరే, చివరికి అందరూ వీపు గోక్కునే చెట్టుక్కూడా ఆయన పేరే. రౌటర్ కొన్నదీ ఆయనే. కనుక దాని పేరు 'దంతులయ్య గారి వైఫై'. ఇందులో ఎవరికీ వింత కనపడలేదు.

ఎన్నికలొచ్చాయి. దంతులయ్య ఓడాడు. భీమలింగం అనే అడవిదున్న గెలిచాడు. పెద్ద మెడ, పెద్ద కొమ్ములు, వాటి మధ్య ఆలోచనకి మిగిలిన చోటు కాస్త తక్కువ.

ఆయన మొదటి ఆజ్ఞ, పాత పేరు ఎక్కడా కనపడకూడదని. కార్యదర్శి గుంటనక్క శేషాచలం ఆ పని భుజాన వేసుకున్నాడు. నిన్నటిదాకా దంతులయ్యకు విసనకర్ర పట్టింది కూడా ఈయనే. మడుగు పేరు మార్చాడు, చెట్టు పేరు మార్చాడు. రౌటర్‌కి 'మహాబలశాలి భీమలింగం గారి వైఫై' అని పేరు పెట్టి, పాస్‌వర్డ్ కూడా మార్చి, సభ్యుల ఫోన్లకు తనే కొత్తది ఎక్కించాడు. పెట్టెకు చెప్పడం మాత్రం మర్చిపోయాడు. పెట్టెకు ఓటు లేదు కదా.

ప్రమాణ స్వీకారం రోజు మైదానం నిండిపోయింది. భీమలింగం మెడలో దండలతో వేదిక ఎక్కాడు. స్వాగత గీతం పెట్టమని శేషాచలం సైగ చేశాడు. బుడ్డయ్య వంగి దండం పెట్టి మీట నొక్కాడు.

పెట్టె తియ్యటి గొంతుతో, "దంతులయ్య గారి వైఫై కోసం వెతుకుతున్నాను" అంది.

బుడ్డయ్య గబగబా మళ్ళీ నొక్కాడు.

"దంతులయ్య గారి వైఫై కనపడడం లేదు. వెతుకుతూనే ఉన్నాను" అంది పెట్టె, ఈసారి కాస్త బెంగగా.

వెనక వరసలో ఏనుగులు తొండాలు అడ్డం పెట్టుకుని నవ్వాయి. కుందేళ్ళకు అడ్డం పెట్టుకునేంత ముక్కు లేదు, బయటికే నవ్వేశాయి.

"ఎవరి కోసమయ్యా అది వెతుకుతోంది?" అని భీమలింగం గిట్ట నేలకేసి కొట్టాడు. "నేనిక్కడ నిలబడి ఉండగా!"

"సార్, సార్, అది దాని పాత జ్ఞాపకం సార్. కొత్త పేరు చెబితే సర్దుకుంటుంది సార్" అన్నాడు బుడ్డయ్య.

"జ్ఞాపకమా! నా సభలో ఆ జ్ఞాపకమేమిటి? పౌర్ణమికి విజయోత్సవం పెట్టుకున్నాం. ఆ రోజు ఇది నా పాట పాడాలి. పాడకపోతే నీ గుహ ఖాళీ చెయ్యి."

బుడ్డయ్య ఇంటికి పరుగెత్తి, ముందుగా తన ఫోన్ తీసి అందులో దంతులయ్య పేరూ, ఆ పాస్‌వర్డూ తుడిచేశాడు. తేనమ్మ చూస్తూనే ఉంది.

"ఎందుకయ్యా ఆ హడావిడి? పెట్టె సంగతి చూడక?"

"నీకు తెలీదే. రేపు ఫోన్లు వెతికితే? మనం శుభ్రంగా ఉండాలి."

మర్నాడు అతను శేషాచలం దగ్గరికెళ్ళి చేతులు కట్టుకు నిలబడ్డాడు. "అయ్యా, కొత్త పాస్‌వర్డ్ సెలవిస్తే పెట్టెకు చెప్పేస్తాను. చిటికెలో పని."

శేషాచలం తోక సవరించుకున్నాడు. "భలేవాడివి బుడ్డయ్యా! నిండు సభలో ప్రతిపక్ష నాయకుడి పేరు జపించిన పెట్టెకు అధ్యక్షుల వారి పాస్‌వర్డ్ ఇమ్మంటావా? ముందు దాన్ని ఆయన కోసం వెతకడం మానమను. తర్వాత ఇస్తాను."

"పాస్‌వర్డ్ ఇస్తేనే అది వెతకడం మానుతుందండీ."

"మానితేనే ఇస్తాం."

"ఇవ్వకుండా ఎలా మానుతుందండీ?"

"అదే విచారణలో తేలుతుంది" అన్నాడు శేషాచలం, చల్లగా.

విచారణ సంఘం వేశారు. దాని పెద్దగా కొండముచ్చు పురుషోత్తాన్ని పెట్టారు. సాంకేతిక నిపుణుడని ఆయనకి పేరు. పెట్టెను ఓసారి ఆపి మళ్ళీ పెట్టమన్నాడు. పెట్టారు. దంతులయ్య గారి కోసమే వెతికింది. బండరాయి మీంచి దించి అధ్యక్షుడి గుహ వాకిట్లోకి తెప్పించాడు. రౌటర్‌కి మూరెడు దూరంలో కూచుని కూడా పెట్టె దంతులయ్య గారినే అడిగింది. మబ్బుల వల్లేమో అన్నాడు. గోడ మందమేమో అన్నాడు. పూలదండ బరువేమో అని కూడా అన్నాడు.

అక్కడున్న ప్రతివాడికీ అసలు సంగతి తెలుసు. ఎవరో పేరు మార్చారు, పెట్టెకు చెప్పలేదు. ఆ ఎవరో కార్యదర్శి గారు. ఈ ముక్క అనడానికి ఒక్కడికీ నోరు రాలేదు. అందరూ గడ్డాలు నిమురుకుంటూ పెట్టె వంక అనుమానంగా చూశారు.

చివరికి సంఘం తేల్చిందేమిటంటే, పెట్టెకు సిగ్నల్ లోపం లేదు, విధేయతా లోపం ఉంది. విచారణ ముగిసేదాకా అది సాక్ష్యం. ఎవరూ చెయ్యి పెట్టకూడదు. దాని మీటలన్నీ ఎర్రగుడ్డతో చుట్టి లక్క ముద్ర వేశారు. పాట మొదలుపెట్టే ఒక్క మీట వదిలారు. పౌర్ణమినాడు అది పాడాలి కదా!

"ముట్టుకోకుండా బాగు చెయ్యమంటున్నారే" అని బుడ్డయ్య గుహలో తల పట్టుకున్నాడు.

"ముట్టుకోకూడనిది పెట్టెనే కదా? రౌటర్ సంగతి ఏం చెప్పలేదు కదా?" అంది తేనమ్మ, పిల్లలకు పాలిస్తూ. "వానలు నెత్తి మీదున్నాయయ్యా. ఈ పసిగుడ్లను ఏ చెట్టు కింద పెట్టుకోను? ఏదో ఒకటి చెయ్యి."

బుడ్డయ్య ఆలోచించాడు. పెట్టెకు కొత్త పేరు చెప్పనివ్వరు. అయితే రౌటర్‌కే పాత పేరు పెట్టేస్తే? పెట్టె వెతికేది దొరుకుతుంది, దొరికితే నోరు మూసుకుని పాడుతుంది. ఏ వైఫై నుంచి పాడుతోందో ఎవడికి తెలుస్తుంది? పాట అయ్యాక ఉరుముకి రౌటర్ పోయిందంటే సరి. పుట్టి బుద్ధెరిగాక బుడ్డయ్యకు వచ్చిన మొదటి ఆలోచన అది. దాన్ని చూసుకుని తెగ మురిసిపోయాడు.

విజయోత్సవం నాడు భీమలింగాన్ని ఊరేగింపుగా మైదానానికి తీసుకొచ్చారు. ఆయన వెంట గుహ కాపలావాళ్ళు కూడా దండలు మోస్తూ పోయారు. బుడ్డయ్య చప్పుడు చెయ్యకుండా లోపల దూరాడు. పూలదండ పక్కకు జరిపి, ముళ్ళపంది ముల్లుతో రౌటర్ వెనకున్న చిన్న బొక్కలో నొక్కిపట్టాడు. దీపాలన్నీ ఆరాయి, కొత్త పేరూ చెరిగిపోయింది. మొదటిసారి దాన్ని బిగించినప్పుడు పక్కనే దండం పెట్టి నిలబడ్డాడు కనుక పాత పేరూ పాస్‌వర్డూ నోటికి వచ్చు. అవే పెట్టాడు. దండ సర్ది, బయటికొచ్చి, మైదానంలో మళ్ళీ బండరాయి మీదికి చేర్చిన పెట్టె పక్కన భక్తిగా నిలబడ్డాడు.

శేషాచలం సైగ చేశాడు. బుడ్డయ్య కళ్ళు మూసుకుని మీట నొక్కాడు.

పెట్టె కిక్కురుమనలేదు. ఒక్క క్షణం ఆగి, భీమలింగం కొమ్ముల గొప్ప మీద రాయించిన పాటను గొంతెత్తి పాడింది. మైదానం చప్పట్లతో మారుమోగింది. భీమలింగం మెడ ఇంకాస్త లావెక్కింది. తేనమ్మ పిల్లల్ని ఎత్తుకుని గుంపులోంచి చూస్తోంది. దూరం నుంచే ఆమె మొహం వెలగడం బుడ్డయ్యకు కనపడింది. హమ్మయ్య, గుహ నిలిచింది అనుకున్నాడు.

అప్పుడు శేషాచలం సంచీలోంచి ఒక గొంతు వచ్చింది.

"దంతులయ్య గారి వైఫై దొరికింది. సంతోషం!"

శేషాచలం సంచీని గబుక్కున కింద పెట్టుకు కూచున్నాడు. ఈలోగా పురుషోత్తం చంకలోంచి, "దంతులయ్య గారి వైఫై దొరికింది. సంతోషం!" ఆ పక్క సభ్యుడిది, ఈ పక్క సభ్యుడిది, వరసగా వేదికంతా సంతోషమే సంతోషం. కొత్త పేరు ఎక్కించుకున్నారే గాని పాతది ఒక్కడూ తుడవలేదు. రాజకీయాల్లో ఎప్పుడు ఏం అవసరమొస్తుందో ఎవరు చెప్పగలరు?

ఫోన్ల సంగతి బుడ్డయ్యకు తట్టనేలేదు. తన ఫోన్‌లో ఆ పేరు లేదాయె.

అన్నిటికంటే ఆఖర్న, అన్నిటికంటే గట్టిగా, అధ్యక్షుల వారి మెడలోని బంగారు సంచీ పలికింది. "దంతులయ్య గారి వైఫై దొరికింది. సంతోషం!"

పాట ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు. ఏనుగుల గుంపులో దంతులయ్య తొండం ఎత్తి, "ఇంతమందికి నా మీద ప్రేముందని తెలిస్తే ఓడేవాణ్ణే కాదే!" అన్నాడు.

భీమలింగం కళ్ళు ఎర్రబడ్డాయి. కానీ ఎవరి మీద ఎర్రబడాలో తెలియక అటూ ఇటూ తిరిగాయి. ఎవణ్ణి శిక్షించినా, మరి మీ సంచీ సంగతేమిటని అడుగుతాడు. వేదిక మీదివాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేక నేలచూపులు చూశారు.

శేషాచలం లేచాడు. నక్క బుర్ర ఇలాంటప్పుడే పని చేస్తుంది.

"సభ్యులారా! ఇక్కడ ఎవరి ఫోనైనా పలకనిది ఉందా?"

బుడ్డయ్యకు ప్రాణం లేచొచ్చింది. తన నిజాయితీ బయటపడే ఘడియ వచ్చిందనుకున్నాడు. ఫోన్ పైకెత్తి, గుంపును తోసుకుంటూ వేదిక ముందుకొచ్చాడు.

"నాది సార్! నాది పలకలేదు! ప్రమాణ స్వీకారం రోజే ఇంటికెళ్ళి ఆ పేరు తుడిచేశాను సార్. మా ఆవిడే సాక్షి!"

"తుడిచేశావా?" అన్నాడు శేషాచలం, మెల్లగా, ముద్దుగా.

"పూర్తిగా సార్! ఆనవాలు లేకుండా!"

"విన్నారా?" శేషాచలం గుంపు వైపు తిరిగాడు. "అడవి మొత్తం ఫోన్లలో ఉన్నది వీడి ఫోన్‌లో మాత్రం లేదు. ఎందుకు లేదు? మనం దాచుకోలేదు కాబట్టి మనవి పలికాయి. తప్పు చేసినవాడే కదా ఆనవాళ్ళు తుడిచేది? పాటల పెట్టెకు ఆ పేరు నూరిపోసింది ఎవరో ఇంకా విచారించాలా?"

"అక్కర్లేదు" అన్నాడు పురుషోత్తం వెంటనే.

"అక్కర్లేదు, అక్కర్లేదు" అన్నారు సభ్యులంతా. అందరికీ ఒక్కసారి ఊపిరాడింది.

"అయ్యా, నేను మీ కోసమే తుడిచాను" అని బుడ్డయ్య ఏడుపు గొంతుతో అన్నాడు.

"ద్రోహి!" అన్నాడు భీమలింగం. ఎవరి మీద కోప్పడాలో తెలిసినందుకు ఆయన మొహం తేటపడింది. "పొద్దుగూకేలోగా గుహ ఖాళీ చెయ్యి."

రౌటర్‌ని ఎవరు ముట్టుకున్నారని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే ఫోన్ల సంగతి మళ్ళీ పైకొస్తుంది. శేషాచలం అక్కడికక్కడే రౌటర్‌కి కొత్త పేరు తిరిగి పెట్టి, పెట్టె మీది ముద్ర చింపి, పాస్‌వర్డ్ చెప్పాడు. అది చిటికెలో పాట అందుకుంది. సంఘం ఆయనకి అభినందనలు తెలిపింది.

సాయంత్రానికి గుహలో శేషాచలం బావమరిది చేరాడు. బుడ్డయ్య ఒక పిల్లను భుజాన వేసుకున్నాడు, తేనమ్మ రెండోదాన్ని. ఉరుములు మొదలయ్యాయి.

"దంతులయ్య గారినైనా అడుగుదాం పదవయ్యా. ఆయన పేరు పలికిందనేగా మనల్ని గెంటింది. కాస్త నీడ ఇవ్వడా?" అంది తేనమ్మ.

వెళ్ళారు. దంతులయ్య చెరుకు నములుతూ బుడ్డయ్యను కిందా మీదా చూశాడు.

"గుర్తొచ్చావు. ఇంత అడవిలో నా పేరు తుడిచేసినవాడివి నువ్వొక్కడివే కదూ?"

చినుకులు పడుతుంటే తేనమ్మ పిల్లను కడుపు కిందికి లాక్కుంది. బుడ్డయ్య తడిసిన ఫోన్‌ను చేతిలో అటూ ఇటూ తిప్పి, చెట్లలోకి నడిచాడు.

నీతి: ఓడిన నాయకుణ్ణి మర్చిపోవచ్చు, తప్పులేదు, కానీ అందరికంటే ముందు మర్చిపోకూడదు.