ఊఁ కొట్టే బుడిపె

లైసెన్సుల కార్యాలయం హాల్లో పెద్ద తెర ఏ అంతరాయమూ లేకుండా పనిచేస్తోందని ప్రజలందరికీ తెలియజేయడమైనది. తెర గోడ మీద లేదన్నది వేరే సంగతి. నాలుగు మేకులున్నాయి, వాటి మధ్య వేలాడే తీగ ఉంది. పనిచేయడానికి అవి చాలునని అనుభవంలో తేలింది.

ఈ ఘనత బజారులో కేబుళ్ళ దుకాణం నడిపే తీగలాయనది. ఆయన దేన్నయినా లాభనష్టాల్లోనే చూస్తాడు. పెళ్ళి గురించి అడిగినా, అటూ ఇటూ చూసి భార్య దగ్గర్లో లేదని రూఢి చేసుకుని, "మొత్తమ్మీద గిట్టుబాటే" అంటాడు.

మొదట్లో తెర ఉండేది. ఎవరి వంతు వచ్చిందో దాని మీద కనిపించేది. కంప్యూటరు లోపలి గదిలో, తెర హాల్లో. నడుమ కప్పు పొడవునా పాకిన తీగ. చిక్కంతా కంప్యూటరు మర్యాదతోనే వచ్చింది. బొమ్మ పంపేముందు అది తెరను పలకరిస్తుంది: ఉన్నావా, ఎంత వెడల్పున్నావు, ఏ రంగులు పడతాయి నీకు, అని. తెర బదులిస్తేనే బొమ్మ. అంత పొడుగు తీగలో బదులు ఎక్కడైనా తప్పిపోయినా, ఎవరైనా తెర ఆర్పేసినా, కంప్యూటరు అలిగి కూర్చునేది. వంతులు ఆగేవి. జనం అరిచేవారు. పెద్ద అధికారికి కునుకు చెడేది.

తీగలాయన వచ్చి కంప్యూటరుకూ తీగకూ మధ్య బొటనవేలంత బుడిపె గుచ్చాడు. "తెర వివరాలన్నీ ఇందులో ఉంటాయి సార్. తెర పలికినా పలక్కపోయినా ఇది 'ఉన్నాను' అంటూనే ఉంటుంది. మీ కంప్యూటరుకు ఇక బెంగ లేదు."

ఇంటికెళ్ళి భోజనం దగ్గర ఇదే సంగతి భార్యకు చెప్పాడు.

"అంటే నేను మాట్లాడుతుంటే మీరు ఫోన్లో తల దూర్చి ఊఁ కొడతారే, అలాంటిదా?"

"ఊఁ."

"మన దుకాణం లైసెన్సు గడువు దగ్గరపడింది. ముందు దాని సంగతి చూడండి."

"ఊఁ."

బుడిపె పెట్టాక వంతులు ఆగలేదు. కొన్నాళ్ళకు బూజుకర్ర తగిలి తెర పగిలింది. రిపేరుకు పంపారు. అయినా కంప్యూటరు తెర ఉందనే చెప్పింది, వంతులు పంపుతూనే ఉంది. అధికారి ముచ్చటపడ్డాడు. తెర బాగుపడి తిరిగొచ్చాక, ఉన్నదాని మీద ఇంకొకటి గోడకు బరువు కదా అని, దాన్ని తన గదిలో పెట్టించుకున్నాడు. అందులో ఎప్పుడూ ఒక జలపాతం పడుతుంటుంది. కంటికి చలవ.

హాల్లో జనం మేకులకేసి చూస్తూ కూర్చునేవారు. లోపల కంప్యూటరు పిలిచేది, ఇక్కడ ఎవరూ లేచేవారు కాదు. దాంతో కౌంటరు దగ్గర తోపులాట మాయమైంది. పొద్దు వాలేలోగా అర్జీలన్నీ 'మనిషి రాలేదు' అన్న ముక్కతో ముగిసేవి. అంతటి చురుకుదనం ఆ కార్యాలయం అంతకుముందు ఎరగదు. గోడ మీద ఏమీ లేదేమని అడిగిన ఒక పెద్దమనిషికి కళ్ళ డాక్టరు చిరునామా కూడా ఉచితంగా ఇచ్చారు.

అధికారి సిబ్బందిని సమావేశపరచి ప్రసంగించాడు. "మనం పిలుస్తూనే ఉన్నాం. ప్రజలే పలకడం లేదు. ఒక బుడిపెకున్న మర్యాద మనుషులకు లేకపోవడం మిక్కిలి విచారకరం!" చప్పట్లు మోగాయి.

ఈ కీర్తి నలుదిక్కులా పాకింది. మిగతా కార్యాలయాలూ బుడిపెలు కొన్నాయి. కొన్నయితే తెరలు కొనడం మానేసి బుడిపెలతోనే సరిపెట్టుకున్నాయి. తీగలాయన దుకాణంలో సరుకు నిలవడం లేదు. ఆ హడావుడిలో సొంత లైసెన్సు గడువు చివరికొచ్చింది. భార్య గుమ్మం దాకా వచ్చి తోస్తే బయల్దేరాడు. మూడుసార్లు వంతు తప్పితే దుకాణానికి సీలు వేస్తారన్నది అక్కడి నియమం.

హాల్లో చాలాసేపు కూర్చున్నాక కౌంటరు దగ్గరికి వెళ్ళాడు.

"మీ వంతు వెళ్ళిపోయింది బాబాయ్ గారూ," అంది అమ్మాయి.

"ఎప్పుడమ్మా? ఇక్కడే ఉన్నాగా, రెప్ప కూడా వేయలేదు."

"తెర మీద చూపించాం."

"తెరెక్కడుంది తల్లీ?"

ఆ పిల్ల కంప్యూటరు వైపు ఓసారి చూసింది. "ఉందంటోంది బాబాయ్ గారూ. ఎంత వెడల్పో కూడా చెబుతోంది. మీ సరుకేగా, మీకు తెలీదా?"

మర్నాడు రెండో వంతూ అలాగే పోయింది. తీగలాయన అధికారి గదిలోకి వెళ్ళి, జలపాతం ముందు నిలబడి మొరపెట్టుకున్నాడు.

"సూటిగా చెప్పండి," అన్నాడు అధికారి. "మీ బుడిపె అబద్ధం చెబుతుందా?"

తీగలాయన లెక్క వేసుకున్నాడు. చెబుతుందంటే అమ్మిన బుడిపెలన్నీ వరస కట్టి వెనక్కొస్తాయి, పేరూ పోతుంది. చెప్పదంటే పోయినవి రెండు వంతులే. ఇంకొకటి చేతిలో ఉంది.

"మా సరుకు అబద్ధమాడదు సార్."

"అయితే తెర ఉంది. తెర ఉంటే మీ వంతు కనిపించింది. కనిపించినా మీరు లేవలేదు. ఇందులో నేను చేయగలిగేదేముంది?"

ఏమీ లేదని తీగలాయన ఒప్పుకున్నాడు. జలపాతం బాగుందని కూడా అన్నాడు.

మూడోసారి గోడకు ముక్కు తగిలేంత దగ్గరగా కూర్చుని, మేకులనే చూశాడు. మేకులు ఏమీ చెప్పలేదు. ఆ సాయంత్రమే దుకాణానికి సీలు పడింది. వేయడానికి వచ్చినవాళ్ళు మర్యాదస్తులు. లక్క కరిగేలోపు, తమ కార్యాలయానికని ఇంకో రెండు బుడిపెలు అడిగి పుచ్చుకున్నారు.

మూసిన తలుపు ముందు మెట్టు మీద భార్య వచ్చి కూర్చుంది. "ఆ గదిలో నిజం ఒక్కమాట చెప్పుంటే మన తలుపు తెరిచి ఉండేది కదండీ. మనతోపాటు ఆ హాల్లో కూర్చున్న వాళ్ళందరి పనీ అయ్యేది. రేపైనా వెళ్ళి చెబుతారా?"

"ఊఁ," అన్నాడు తీగలాయన.

ఈ ఉదంతం మేము చాలామందికి చెప్పాం. అందరూ చివరిదాకా శ్రద్ధగా ఊఁ కొట్టి, లేచి వెళ్ళి, ఎవరి హాల్లో వాళ్ళు మేకులకెదురుగా కూర్చున్నారు. తమరూ ఇంతవరకూ ఎక్కడా ఆపకుండా ఊఁ కొట్టారు. కనుక కథ తమకు పూర్తిగా చేరినట్టు నమోదు చేసుకోవడమైనది.