తుపాకీకి తలంటు

శ్రీవత్స ఆ ఆదివారానికి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పది గంటలకి మేనేజరు గ్యారీ తన పాత తుపాకీ తెచ్చి ఇంట్లో పెడతాడు. కూతుర్ని చూసిపోవడానికి వచ్చిన మామగారు వీరభద్రం దాని మీది ముద్రలు చూసి, అది ఎక్కడ పుట్టిందో, ఎక్కడెక్కడ తిరిగిందో చెబుతారు. పన్నెండుకి గ్యారీ వచ్చి పట్టుకుపోతాడు. ముప్ఫై ఏళ్ళు పోలీసు బెటాలియన్‌లో తుపాకులు బాగుచేసిన మనిషికి ఇదొక లెక్కా!

శ్రీవత్సకి మాత్రం లెక్కే. అది 2009. డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల కంపెనీలన్నీ మనుషుల్ని ఎడాపెడా తీసేస్తున్నాయి. పక్కనే నోవై ఊళ్ళో అతని ఆఫీసులో ఉద్యోగాలు పోయేవాళ్ళ లిస్టు సోమవారం బయటికొస్తుంది. రాసేది గ్యారీ. గ్రీన్ కార్డు వచ్చిన సంబరంలో ఇల్లు కొనేసిన శ్రీవత్సకి వారం రోజులుగా అన్నం సయించడం లేదు. అలాంటి సమయంలో గ్యారీ "ఇది ఇండియా నుంచి వచ్చిందట, మీవాళ్ళెవరైనా చూసి చెప్పగలరా?" అని అడిగితే, ఎవరు కాదంటారు?

గ్యారీ చెప్పిన టైముకే వచ్చాడు. "మొదటి ప్రపంచ యుద్ధం చూసిన తుపాకీ ఇది. వెనక చెక్క మడమ మీద ఈ నొక్కు చూశావా? తూటా దెబ్బ! కొనేవాణ్ణి మధ్యాహ్నం వెంటబెట్టుకొస్తాను. ఒక్కటే మాట. తుడవకండి. దీని విలువంతా ఆ పాత మకిలిలోనే ఉంది."

శ్రీవత్స బుద్ధిగా తలూపాడు. తుపాకీ మామగారి చేతికిచ్చి, "చూస్తూ ఉండండి మామయ్యగారూ, ఇప్పుడే వస్తాను" అని ఇండియన్ స్టోర్‌కి బయల్దేరాడు. ఆ రోజు మహర్నవమి, ఇంట్లో పూజకి కొబ్బరికాయలు లేవు. బిల్లు కట్టే లైనులో నిలబడ్డాక గుర్తొచ్చింది, చెప్పాల్సిన ఆ ఒక్క మాటా చెప్పలేదని. వెంటనే భార్యకి ఫోన్ చేశాడు.

"బిందూ, మామయ్యగారేం చేస్తున్నారు?"

"నాన్న మంచి హుషారుగా ఉన్నారు. పెద్ద గిన్నెతో నీళ్ళు మరగపెట్టమన్నారు."

"నీళ్ళా? ఎందుకు?"

"స్నానానికేమో."

"పొద్దున్నే చేశారుగా!"

"అవును కదూ... ఉండు శ్రీ, గరాటు కూడా కావాలన్నారు."

కొబ్బరికాయలు కౌంటరు మీదే వదిలేసి పరిగెత్తాడు శ్రీవత్స. దారిలో ప్రతి సిగ్నలూ ఎరుపే.

గరాజ్ తలుపు తీసేసరికి గుప్పున నూనె వాసన. పెరట్లో చెక్క డెక్‌కి పూయడానికని కొన్న అవిసె నూనె డబ్బా సగం ఖాళీ. బల్ల మీద తుపాకీ పెళ్ళికొడుకులా నిగనిగలాడుతోంది. గొట్టానికి పసుపు, దాని మీద మూడు కుంకుమ బొట్లు.

"చూశారా అల్లుడుగారూ! మరిగే నీళ్ళు పోస్తే గొట్టంలోంచి ఎంత మకిలి వచ్చిందో! మా దగ్గరైతే, ఇలా ఉంచుకున్నవాడికి ఎండలో డ్రిల్లు పడేది."

"మామయ్యగారూ... పసుపు కూడానా?"

"భలేవారే! మహర్నవమి నాడు ఆయుధానికి బొట్టు పెట్టకుండా ఎలా ఉంటాం?"

శ్రీవత్స గడియారం చూశాడు. టైము పదకొండున్నర. "బిందూ, మకిలి కావాలి! పాత మకిలి!" అని అరిచాడు. బిందుమాధవి ఒక్క క్షణం ఆలోచించి, వ్యాక్యూమ్ క్లీనర్ సంచీ తెచ్చి తుపాకీ మీద బోర్లించింది. తడి నూనెకి కార్పెట్ దుమ్మంతా అంటుకుని తుపాకీకి బొచ్చు మొలిచింది.

"ఎవరు చేశారీ పని!" అని వీరభద్రం ఇంతెత్తున లేచి, భుజం మీద తువ్వాలుతో బొచ్చూ బొట్టూ కలిపి తుడిచిపారేశారు. కాలింగ్ బెల్ మోగింది.

గ్యారీ వెంట వచ్చిన పెద్దమనిషి పేరు హాన్సెన్. పాత తుపాకులు కొంటాడు, బాగుచేసే షాపు కూడా ఉంది. తళతళలాడుతున్న తుపాకీని చూసి గ్యారీ ముఖం పాలిపోయింది, తర్వాత కందగడ్డ అయింది. వీరభద్రం మాత్రం మకిలి పోయి బయటపడ్డ అక్షరాల మీద వేలు పెట్టి, "ఇషాపూర్ ఫ్యాక్టరీ సార్. నైన్టీన్ ఫార్టీ నైన్" అన్నారు.

"మొదటి యుద్ధం ముగిసి అప్పటికి ముప్ఫై ఏళ్ళు, గ్యారీ" అన్నాడు హాన్సెన్.

"మరి ఈ తూటా దెబ్బ?"

వీరభద్రం నవ్వారు. "నో వార్ సార్. కోకోనట్" అని, తుపాకీ తలకిందులుగా పట్టుకుని దంచినట్టు అభినయించి, మిగతాది అల్లుడికి తెలుగులో చెప్పారు.

"ఏమంటున్నారాయన?" అని గ్యారీ శ్రీవత్స వైపు తిరిగాడు. ఏదో ఒక యుద్ధం పేరు చెప్పేస్తే గండం గడుస్తుంది. కానీ మామగారు ఎదురుగా తలాడిస్తూ నిలబడ్డారు. "దసరాకి రాయి దొరక్కపోతే... కానిస్టేబుళ్ళు దీనితో కొబ్బరికాయలు కొట్టేవాళ్ళట. ఇలాంటి నొక్కులు ఈయన చాలా చూశారట" అన్నాడు శ్రీవత్స.

హాన్సెన్ తుపాకీ బల్ల మీద పెట్టాడు. "ఇంత కడిగాక దీన్ని పాత తుపాకులు సేకరించేవాడెవడూ ముట్టుకోడు. నేను కొనను."

శ్రీవత్స రెండు చేతులూ జోడించాడు. "గ్యారీ, తప్పు నాది. తుడవొద్దని చెప్పడం మరిచిపోయాను. దయచేసి ఈ కోపంతో నా పేరు లిస్టులో వేయకండి."

గ్యారీ తన బూట్ల వైపు చూసుకున్నాడు. "దానికీ దీనికీ సంబంధం లేదు శ్రీ. నీ పేరు శుక్రవారమే రాసి పంపేశాను."

"శుక్రవారమా! మరి ఇవాళ ఈ తుపాకీ..."

"రేపు నీకా మాట చెప్పాక ఇలాంటి సాయం అడిగితే బాగుండదు కదా."

బిందుమాధవి మెట్ల మీద కూలబడింది. హాన్సెన్ మాత్రం తుపాకీని మళ్ళీ తీసి, గొట్టంలోంచి వెలుతురు వైపు చూస్తున్నాడు. "ఇలా శుభ్రం చేసే చెయ్యి కోసం ఇరవై ఏళ్ళుగా వెతుకుతున్నాను. మీ మామగారు రేపట్నించి నా షాపులో చేరతారేమో అడుగు. జీతం ఎంతంటే అంత."

"ఏమంటున్నాడు అల్లుడుగారూ?"

శ్రీవత్స తెలుగులో చెప్పాడు. వీరభద్రం మడమలు కలిపి హాన్సెన్‌కి సెల్యూట్ కొట్టారు.

గ్రీన్ కార్డు ఉన్న అల్లుడికి ఉద్యోగం పోయింది, ఉద్యోగం వచ్చిన మామగారిది ఆరు నెలల టూరిస్టు వీసా.